ఆఖరి స్నానం – ఎబోలా నేర్పిన పాఠం



మన ఇంట్లో ఒకరు కన్నుమూస్తే ముందుగా గుర్తొచ్చేది మయ్యత్‌కు గుసుల్ ఇవ్వడం. తండ్రి పోతే కొడుకులు, తల్లి పోతే కూతుళ్లు, కోడళ్లు చేతులు వేస్తారు. నీళ్లు, రేగాకు, కర్పూరం, తెల్లని కఫన్. బతికున్నవాళ్లు పోయినవారికి చేసే ఆఖరి సేవ అది. కొందరు ముందుకొచ్చి చేస్తే అందరి బాధ్యతా తీరుతుంది, ఎవరూ చేయకపోతే అందరూ దోషులవుతారు అని ఉలమా చెబుతారు. ఫర్జె కిఫాయా అంటే అదే.

మరి ఆ సేవ చేసిన చేతులకే జబ్బు అంటుకుంటే? మయ్యత్‌ను కడిగినవారు, నుదుటిపై ముద్దు పెట్టుకున్నవారు మూడు వారాలు తిరగకముందే ఒకరొకరుగా మంచం పడితే? పశ్చిమ ఆఫ్రికాలో గినీ, సియెర్రా లియోన్, లైబీరియా దేశాలలో 2014, 2015 సంవత్సరాలలో సరిగ్గా ఇదే జరిగింది. ఈ మూడింటిలో మొదటి రెండు ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాలు. అక్కడివారు ఎదుర్కొన్న ప్రశ్న రేపు ఏదో ఒక రూపంలో మన మొహల్లాకూ రావచ్చు. కరోనా రోజుల్లో కొంత వచ్చింది కూడా. అందుకే ఈ సంవత్సరం సావనీర్‌లో ఈ పాఠం రాయాలనుకున్నాం.

రక్తస్రావ జ్వరాలంటే ఏమిటి?

వైరస్ వల్ల వచ్చే జ్వరాలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని రక్తనాళాల గోడలను దెబ్బతీస్తాయి. నాళాలలో ఉండాల్సిన నీరు, రక్తం బయటికి కారిపోతుంది. రక్తం గడ్డకట్టే శక్తి తగ్గుతుంది. వీటినే వైరల్ హెమరేజిక్ ఫీవర్స్ అంటారు. తెలుగులో రక్తస్రావ జ్వరాలు అనవచ్చు. ఎబోలా, మార్బర్గ్, లస్సా, క్రిమియన్-కాంగో జ్వరం, మన పొరుగు కర్ణాటకలోని క్యాసనూర్ అడవి జ్వరం ఈ కుటుంబంలోనివే. మనకు బాగా తెలిసిన డెంగీ ముదిరినప్పుడు కూడా ఇలాగే రక్తస్రావం కావచ్చు.

పేరు విని చాలామంది ఒక పొరపాటు పడతారు. ఒంట్లోంచి రక్తం కారితేనే ఈ జబ్బు అనుకుంటారు. ఎబోలా రోగులలో చాలామందికి పైకి రక్తం కనిపించనే కనిపించదు. మొదట జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, నీరసం. చూస్తే మలేరియాలాగే ఉంటుంది. తరువాత వాంతులు, విరేచనాలు. ఒంట్లో నీరు, లవణాలు పోయి, రక్తపోటు పడిపోయి, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిని మనిషి చనిపోతాడు. సగటున చూస్తే సోకినవారిలో సగం మంది చనిపోతారు. ఒక్కో విడతలో అది 25 శాతం నుండి 90 శాతం వరకు ఉంది.

ఎబోలా గాలిలో ఎగిరి రాదు. రోగి రక్తం, వాంతి, మలం, చెమట వంటివి మన కంటికో, నోటికో, చర్మం మీది చిన్న గాయానికో తగిలితేనే వస్తుంది. సోకిన తరువాత జబ్బు బయటపడడానికి 2 నుండి 21 రోజులు పడుతుంది. బయటపడక ముందు ఆ మనిషి నుండి ఇతరులకు సోకదు. జబ్బు ముదిరేకొద్దీ ఒంట్లో వైరస్ పెరుగుతుంది. చనిపోయిన గడియకు అది అత్యధికంగా ఉంటుంది. అంటే మనం మనిషిని అందరికంటే దగ్గరగా తాకే సమయం, అతని నుండి జబ్బు అందరికంటే ఎక్కువగా సోకే సమయం ఒకటే. ఈ ఒక్క మాట అర్థమైతే మిగిలిన కథంతా అర్థమవుతుంది.

పేరు ఎలా వచ్చింది?

1976లో ఒకేసారి రెండు చోట్ల ఈ జబ్బు బయటపడింది. ఒకటి నేటి దక్షిణ సూడాన్‌లోని న్జారా. రెండవది అప్పుడు జైర్ అని పిలిచిన నేటి కాంగోలోని యంబుకు. యంబుకులో 318 మందికి సోకి 280 మంది మరణించారు. అక్కడి మిషన్ ఆసుపత్రిలో రోజుకు కొన్ని సూదులే ఇచ్చేవారు. వాటినే సరిగా శుద్ధి చేయకుండా ఒకరి తరువాత ఒకరికి వాడారు. జ్వరానికని సూది వేయించుకోవడానికి వచ్చినవారు మరణాన్ని వెంట తీసుకెళ్లారు. పరిశోధకులు ఈ వైరస్‌కు ఆ ఊరి పేరు పెట్టలేదు. ఊరికి చెడ్డపేరు శాశ్వతంగా అంటుకుంటుందని ఆలోచించి, ఆ ప్రాంతంలోని ఎబోలా నది పేరు పెట్టారు. జబ్బుకు పేరు పెట్టేటప్పుడు కూడా మనుషుల గౌరవం గుర్తుంచుకోవాలన్న ఈ చిన్న సంగతిని మేము తరగతిలో పిల్లలకు తప్పకుండా చెబుతాం.

ఒక అంతిమయాత్ర – 365 మరణాలు

2013 డిసెంబరులో గినీ అడవి ప్రాంతంలోని మెలియాండు అనే పల్లెలో రెండేళ్లలోపు పసివాడు జ్వరంతో చనిపోయాడు. అక్కడి నుండి జబ్బు కుటుంబంలోకి, మంత్రసాని ద్వారా పక్క ఊళ్లకు, ఆసుపత్రి సిబ్బందికి పాకింది. అది ఎబోలా అని గుర్తించి ప్రపంచానికి తెలిపేసరికి 2014 మార్చి నెల ముగియవస్తోంది. మూడు నెలలు జబ్బు పేరు లేకుండానే తిరిగింది.

గినీ సరిహద్దుకు దగ్గరగా, సియెర్రా లియోన్ వైపు సొకోమా అనే ఊరిలో నాటువైద్యం చేసే ఒక స్త్రీ ఉండేది. ఎబోలాను నయం చేస్తానని పేరు పొందింది. గినీ నుండి రోగులు సరిహద్దు దాటి ఆమె దగ్గరికి వచ్చారు. చివరికి ఆమెకూ సోకింది, చనిపోయింది. పెద్దమనిషి కాబట్టి చుట్టుపక్కల ఊళ్ల నుండి వందల మంది వచ్చారు. ఆనవాయితీ ప్రకారం దేహాన్ని కడిగారు, తాకారు, ఏడ్చారు. ఎవరి ఊరికి వారు వెళ్లిపోయారు. ఆ ఒక్క అంతిమయాత్రకు ముడిపడిన మరణాలు 365 వరకు ఉన్నాయని తరువాతి దర్యాప్తులో తేలింది.

ఆ ప్రాంతానికి పెద్ద ఆసుపత్రి కెనెమాలో ఉంది. అక్కడ లస్సా జ్వరం వార్డుకు పెద్ద డాక్టర్ షేక్ ఉమర్ ఖాన్. రక్తస్రావ జ్వరాల గురించి ఆ దేశంలో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి. ప్రమాదం తెలిసీ వార్డు వదలలేదు. వందమందికి పైగా ఎబోలా రోగులకు వైద్యం చేశాడు. చివరికి తనకే సోకి 2014 జూలై 29న కన్నుమూశాడు. ఆయన ఆసుపత్రిలోని నర్సులు కూడా పలువురు చనిపోయారు. మొత్తం ఆ మూడు దేశాలలో 500 మందికి పైగా ఆరోగ్య సిబ్బంది ప్రాణాలిచ్చారు. 2016లో లెక్క ముగిసే నాటికి సోకినవారు 28,600 మందికి పైగా, చనిపోయినవారు 11,310 మంది.

జనం ఎందుకు దాచారు?

"చదువులేనివాళ్లు, మూఢనమ్మకాలు, అందుకే జబ్బు పాకింది" అని దూరం నుండి అనడం తేలిక. మేము కూడా మొదట పత్రికల్లో చదివి అలాగే అనుకున్నాం. కాని అక్కడి ఇంటివాళ్ల వైపు నుండి ఒకసారి చూడండి.

ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చింది. ముఖం కనిపించని తెల్లని దుస్తులతో కొందరు వచ్చారు. రోగిని బండిలో ఎక్కించుకుపోయారు. ఏ ఆసుపత్రికో చెప్పలేదు. కొన్ని రోజులకు చనిపోయాడని కబురు. దేహం చూపించలేదు. గుసుల్ లేదు, కఫన్ లేదు, జనాజా నమాజు లేదు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఎక్కడో పూడ్చారు. ఎక్కడో కూడా తెలియదు. ఇలా ఒక్క ఇంట్లో జరిగితే ఊరంతా తెలుస్తుంది. తరువాతి ఇంట్లో జ్వరం వస్తే ఎవరు ఫోన్ చేస్తారు? తల్లిని దాచుకుంటారు. చనిపోతే రాత్రికి రాత్రి తామే కడిగి పూడ్చుకుంటారు. జబ్బు ఇంకో పదిమందికి పాకుతుంది.

లైబీరియాలో ఇంకో మెట్టు ముందుకెళ్లారు. రాజధాని మన్రోవియాలో 2014 ఆగస్టు నుండి ఎబోలా మృతులందరినీ దహనం చేయాలని ప్రభుత్వం ఆదేశించింది. అందుకు వాడినది అక్కడ స్థిరపడిన మన భారతీయ హిందూ సమాజం వారి దహనవాటిక. దహనం ఒక సంప్రదాయంలో పవిత్రమైన కర్మ. కాని ఖననం చేసే క్రైస్తవులకు, ముస్లింలకు అది భరించలేని విషయమైంది. బూడిద కావడం ఇష్టం లేక చాలామంది రోగులను, మృతదేహాలను ఇళ్లలోనే దాచారు. ఆ సంవత్సరం డిసెంబరులో నగరం వెలుపల ఖననానికి స్థలం ఏర్పాటు చేసి ఆ ఆదేశాన్ని ఆపారు.

గినీలోని వోమే అనే ఊరికి 2014 సెప్టెంబరులో ఎబోలా గురించి చెప్పడానికి వెళ్లిన బృందంలో అధికారులు, ఆరోగ్య కార్యకర్తలు, పాత్రికేయులు ఎనిమిది మందిని ఊరివారు చంపేశారు. జబ్బు తెచ్చేది వీళ్లేనన్న పుకారు అక్కడ నమ్మకంగా మారింది. ఆ హత్యలను ఎవరూ సమర్థించలేరు. కాని నమ్మకం లేని చోట మంచి మాట కూడా ప్రవేశించలేదని ఆ ఘటన చెబుతుంది.

హజ్రత్ ఉమర్ (రజి) వెనుదిరిగిన దారి

ఇటువంటి సమయంలో మతం అడ్డమా, అండా? మన చరిత్రలోనే జవాబు ఉంది.

క్రీ.శ. 638, 639 ప్రాంతంలో షామ్ దేశంలో ప్లేగు వ్యాపించింది. అమవాస్ ప్లేగు అని దానికి పేరు. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) అటువైపు ప్రయాణమై సర్గ్ అనే చోటికి చేరేసరికి ఈ కబురు అందింది. ఆయన ముహాజిర్లను, అన్సార్లను, ఖురైష్ పెద్దలను విడివిడిగా పిలిచి సలహా అడిగారు. అభిప్రాయాలు రెండుగా చీలాయి. చివరికి వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ విధించిన దాని నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ విధించిన ఒకదాని నుండి ఆయనే విధించిన మరొకదానికి వెళుతున్నాం అన్న అర్థంలో ఖలీఫా జవాబిచ్చారు. అప్పుడు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, దైవప్రవక్త (స) బోధను గుర్తుచేశారు. అంటువ్యాధి ఉన్న ఊరికి వెళ్లవద్దు, మీరున్న ఊరిలో వస్తే పారిపోయి బయటికి రావద్దు అన్నది దాని సారాంశం. నేటి వైద్యులు క్వారంటైన్ అనేది దీనినే.

తవక్కుల్ అంటే జాగ్రత్త మానడం కాదని దీని అర్థం. పశ్చిమ ఆఫ్రికాలో ఇమాములు జుమా ఖుత్బాలలో జనానికి గుర్తుచేసిన విషయం కూడా ఇదే. అంటువ్యాధితో మరణించిన విశ్వాసికి షహీద్ పుణ్యం ఉంటుందని, నీటితో స్నానం సాధ్యం కాని చోట తయమ్ముమ్ చాలని, ప్రాణరక్షణ కోసం షరియత్ ఇచ్చిన వెసులుబాటు లోటు కాదని ఉలమా చెప్పినప్పుడు గుండె కుదుటపడింది. అదే మాట అంతకుముందు ఆరోగ్య శాఖ కరపత్రంలో ఉన్నా ఎవరూ చదవలేదు. డాక్టరు "కడగవద్దు" అంటే ఆజ్ఞ. ఇమాం "ఇలా చేస్తే సరిపోతుంది" అంటే ఓదార్పు.

గౌరవంగా, సురక్షితంగా

2014 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖనన పద్ధతిని తిరిగి రాసింది. రెడ్‌క్రాస్ సమాఖ్యతో పాటు ఇస్లామిక్ రిలీఫ్, ప్రపంచ చర్చిల మండలి, కారితాస్, వరల్డ్ విజన్ వంటి మత ప్రాతిపదిక సంస్థలు కూర్చుని దానిని తయారు చేశాయి. కొత్తగా సోకుతున్న కేసులలో కనీసం 20 శాతం ఖననాల దగ్గరే సోకుతున్నాయని అప్పటి అంచనా. పద్ధతి పేరులోనే మార్పు కనిపిస్తుంది: సురక్షితమైన, గౌరవప్రదమైన ఖననం.

ఖనన బృందం ఊరిలోకి రాగానే రక్షణ దుస్తులు వేసుకోదు. ముందు మామూలు బట్టల్లో ఇంటివారిని పలకరిస్తుంది, సంతాపం చెబుతుంది, ఏం చేయబోతున్నారో వివరిస్తుంది. ఇంటివారు ఒప్పుకున్నాకే పని మొదలు. పోయినవారు ముస్లిం అయితే, కుటుంబం కోరితే, రక్షణ దుస్తులు వేసుకున్న ముస్లిం సభ్యుడు తయమ్ముమ్ చేయిస్తాడు. తెల్లని వస్త్రం కఫన్‌గా ఉంటుంది. కొన్నిచోట్ల నల్లని సంచుల బదులు తెల్లని సంచులు తెచ్చారు. చూడడానికి చిన్న మార్పు, ఇంటివారికి పెద్ద ఊరట. సమాధి తవ్వడంలో బంధువులు పాల్గొనవచ్చు. కొంత దూరంలో నిలబడి జనాజా నమాజు చదువుకోవచ్చు. ఎక్కడ ఖననం చేశారో గుర్తు పెడతారు. రేపు పిల్లలు వచ్చి ఫాతిహా చదువుకోవడానికి ఒక చోటు ఉంటుంది.

వదులుకోవాల్సింది ఒక్కటే, దేహాన్ని తాకడం. మిగిలినదంతా నిలిచింది. అన్నీ తీసేసినప్పుడు జనం అన్నీ దాచారు. ఒక్కటి మాత్రమే అడిగినప్పుడు ఇచ్చారు. చికిత్సా కేంద్రాలు, ప్రయోగశాలలు, వేల మంది కార్యకర్తలు తోడై 2016 మార్చిలో అంతర్జాతీయ అత్యవసర స్థితిని ఎత్తివేశారు. ఖననం ఒక్కటే జబ్బును ఆపిందని మేము అనడం లేదు. అది లేకుండా మిగిలినవేవీ ఆపలేకపోయేవి అంటున్నాం.

ఒక చిన్న లెక్క

మేము లెక్కలు ఇష్టపడే పిల్లలకు ఈ జబ్బును ఇలా చెబుతాం. తట్టు సోకిన ఒకరి నుండి, టీకాలు లేని చోట, 12 నుండి 18 మందికి సోకుతుంది. ఎబోలాలో అది సుమారు ఇద్దరే. అయినా ఒకరు ఇద్దరికి, ఇద్దరు నలుగురికి ఇస్తూ పోతే పది మెట్లలో 1,024. కాని ఆ రెండును ఒకటి కంటే తక్కువకు దించగలిగితే గొలుసు దానంతట అదే తెగిపోతుంది. ప్రతి రోగి దగ్గర ఇద్దరిని కాపాడితే చాలు. తట్టు కంటే ఎబోలాను ఆపడం తేలిక అనడానికి కారణం ఇదే.

నైజీరియా దీనిని చేసి చూపించింది. 2014 జూలై 20న లైబీరియా నుండి ఒక ప్రయాణికుడు జబ్బుతో లాగోస్ విమానాశ్రయంలో దిగాడు. రెండు కోట్ల దాకా జనాభా ఉన్న మహానగరం. అతనికి వైద్యం చేసిన డాక్టర్ అమేయో స్టెల్లా అడాదెవో అనుమానం వచ్చి, పంపించేయమని పైనుండి ఒత్తిడి వచ్చినా ఆసుపత్రి దాటనివ్వలేదు. ఆ పట్టుదలకు ఆమె తన ప్రాణమే ఇచ్చింది. రోగులను కలిసినవారు 894 మందిని వెతికి పట్టుకున్నారు. ఒక్కొక్కరిని 21 రోజుల పాటు చూడాలంటే 894 ఇంటు 21, అంటే 18,774 సార్లు తలుపు తట్టాలి. నిజంగానే సుమారు 18,500 సార్లు తట్టారు. పోలియో నిర్మూలన కోసం ముందే తయారైన సిబ్బంది ఆ పనికి దిగారు. 20 మందికి సోకి, 8 మంది మరణించి, అక్కడితో ఆగిపోయింది. అక్టోబరు 20 నాటికి దేశం ఎబోలా నుండి బయటపడింది.

టీకా, మందు

ఇప్పుడు చేతిలో ఆయుధాలు కూడా ఉన్నాయి. 2015లో గినీలో ఒక టీకాను పరీక్షించారు. రోగి చుట్టూ ఉన్నవారికి, వారి చుట్టూ ఉన్నవారికి వలయంగా టీకా వేశారు. మశూచిని తరిమింది కూడా ఇలాంటి పద్ధతే. టీకా పొందిన 5,837 మందిలో పది రోజులు గడిచాక ఒక్కరికీ జబ్బు రాలేదు. 2019లో ఆ టీకాకు ఆమోదం దొరికింది. కాంగోలో 2018 నుండి 2020 వరకు వచ్చిన పెద్ద విడతలో దానిని విస్తృతంగా వాడారు. అక్కడే రెండు యాంటీబాడీ మందులు పొందిన రోగులలో సుమారు మూడింట ఒక వంతు మందే మరణించారు. తొందరగా వచ్చినవారిలో మరణాలు ఇంకా తక్కువ. వాటిలో ఒక మందు 1995లో ఎబోలా నుండి బతికి బయటపడిన మనిషి రక్తం నుండి పుట్టింది. దాని వెనుక ఉన్న కాంగో శాస్త్రవేత్త జాన్-జాక్ ముయెంబె 1976లో యంబుకు వెళ్లిన తొలి వైద్యులలో ఒకరు.

అయితే ఈ టీకా, ఈ మందులు జైర్ రకం ఎబోలాకే. మార్బర్గ్ 2024లో రువాండాకు వచ్చినప్పుడు ఆమోదం పొందిన టీకా గాని మందు గాని లేవు. అయినా తొందరగా గుర్తించి మంచి వైద్యం ఇవ్వడంతో 66 మందిలో 15 మందే మరణించారు. తొందరగా రావడమే అన్నిటికంటే పెద్ద మందు. నమ్మకం ఉంటేనే జనం తొందరగా వస్తారు.

మన దేశంలో

ఎబోలా మన దేశంలో వ్యాపించలేదు. అనవసరంగా భయపడాల్సిన పనిలేదు. కాని దాని చుట్టాలు ఉన్నాయి. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూర్ అడవిలో కోతులు చనిపోతుంటే ఒక కొత్త జ్వరం బయటపడింది. పిడుదుల (గోమార్ల) కాటు వల్ల వస్తుంది, మనిషి నుండి మనిషికి రాదు. 2011 జనవరిలో గుజరాత్‌లోని అహ్మదాబాద్ జిల్లాలో క్రిమియన్-కాంగో జ్వరం మన దేశంలో తొలిసారి నిర్ధారణ అయింది. ఒక మహిళ, ఆమెకు వైద్యం చేసిన డాక్టరు, సేవ చేసిన నర్సు మరణించారు.

క్రిమియన్-కాంగో జ్వరం గురించి మనం ప్రత్యేకంగా తెలుసుకోవాలి. పశువుల ఒంటి మీది పిడుదుల ద్వారా, జబహ్ చేసేటప్పుడు తాజా రక్తం తగలడం ద్వారా ఇది సోకవచ్చు. జబ్బు మోస్తున్న పశువు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. అందుకే బక్రీద్ నాడు ఖుర్బానీ చేసేవారు చేతులకు తొడుగులు వేసుకోవడం, నిండు చేతుల బట్టలు కట్టుకోవడం, పిడుదులను ఒట్టి చేత్తో నలపకుండా ఉండడం, పిల్లలను దూరంగా ఉంచడం, తరువాత సబ్బుతో కడుక్కోవడం మంచిది. బాగా ఉడికిన మాంసం వల్ల ఇది రాదు.

మన తెలుగు రాష్ట్రాలలో ఏటా కనిపించేది డెంగీ. అది దోమ ద్వారా వస్తుంది, తాకితే రాదు. డెంగీతో పోయినవారికి గుసుల్ ఇవ్వడానికి జంకాల్సిన పనిలేదు. ఏ జబ్బుకు ఏ జాగ్రత్తో తెలియకపోతే భయపడాల్సిన చోట ధైర్యం, ధైర్యంగా ఉండాల్సిన చోట భయం చూపిస్తాం.

దాతలకు మా విన్నపం

2020లో కరోనా వచ్చినప్పుడు దేహాన్ని కడగడం, ముద్దాడడం వద్దని, తాకకుండా చేసే ప్రార్థనలకు అభ్యంతరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ నియమాలు చెప్పాయి. మా బంధువుల ఇంట ఒక జనాజా దగ్గర ఆ నియమం ఎవరికీ స్పష్టంగా తెలియక గంటసేపు వాదన జరిగింది. ఒకరు గుసుల్ లేకుండా ఎలా అన్నారు, ఒకరు దగ్గరికే రావద్దన్నారు. తయమ్ముమ్ గురించి చెప్పేవారు అక్కడ లేకపోయారు. పోయినవారి పిల్లలు మౌనంగా నిలబడి చూశారు. ఆ గంట మాకు ఈనాటికీ గుర్తుంది. అందరూ మంచివారే, ముందుగా కూర్చుని మాట్లాడుకున్నవారే లేరు.

మన సంస్థ దాతల దయతో పిల్లల ఫీజులు, వితంతువులకు రేషన్, రోగులకు మందులు అందిస్తోంది. వాటితో పాటు ఈ నాలుగు పనులకు కొంత కేటాయించాలని కోరుతున్నాం.

ఒకటి, ప్రతి మొహల్లాలో గుసుల్ ఇచ్చే మగవారు ఇద్దరికి, ఆడవారు ఇద్దరికి ఏడాదికొకసారి ప్రభుత్వ డాక్టరు చేత శిక్షణ ఇప్పించాలి. తొడుగులు, ఏప్రాన్లు, మాస్కులు, బ్లీచింగ్ పౌడర్ మసీదులో ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. మామూలు రోజుల్లో కూడా కామెర్లు, క్షయ వంటి జబ్బులతో పోయినవారి దగ్గర అవి అక్కరకొస్తాయి.

రెండు, ఇమాములు, డాక్టర్లు ఏడాదికొకసారి ఒకచోట కూర్చోవాలి. ఆపద వచ్చాక పరిచయం చేసుకుంటే ఆలస్యమవుతుంది.

మూడు, 21 రోజుల నిధి. సియెర్రా లియోన్‌లో క్వారంటైన్‌లో పెట్టిన ఇళ్లకు తిండి, నీళ్లు సరిగా అందక కొందరు గోడ దాటి బయటికి వచ్చారు. ఇంట్లో పిల్లలు ఆకలితో ఏడుస్తుంటే ఏ తండ్రి లోపల కూర్చుంటాడు? రోజుకూలీ ఇంటిని మూడు వారాలు కూర్చోబెట్టాలంటే ముందు ఆ ఇంటికి బియ్యం చేరాలి. బయటికి రావద్దన్న దైవప్రవక్త (స) బోధను పేదవాడు పాటించగలగడం ఉన్నవారి చేతుల్లో ఉంది. దీనికి జకాత్ సొమ్ము ఎంతవరకు వాడవచ్చో ఉలమా చెప్పాలి. సదఖా, చందాలతో మాత్రం ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

నాలుగు, జబ్బు నుండి కోలుకుని వచ్చినవారిని ఆదరించడం. పశ్చిమ ఆఫ్రికాలో కోలుకున్నవారిని చాలామంది ఊళ్లు ఇళ్లలోకి రానివ్వలేదు. అయినా వారిలో కొందరు చికిత్సా కేంద్రాలలో తల్లిదండ్రులు పోయిన పిల్లలను ఒడిలో పెట్టుకుని చూసుకున్నారు. జబ్బు తగ్గి తిరిగొచ్చిన మనిషిని మసీదు ముందు వరుసలో పక్కన నిలబెట్టుకోవడానికి డబ్బు అక్కర్లేదు, మనసు చాలు.

ఈ జ్వరాలు మనుషుల ప్రేమ దారిలోనే నడిచి వస్తాయి. సేవ చేసిన తల్లికి, వార్డు వదలని డాక్టరుకు, ఆఖరి స్నానం చేయించిన కొడుకుకు సోకుతాయి. కాబట్టి ప్రేమ మానేయండి అని చెప్పి వీటిని ఆపలేం. ప్రేమించేవారి చేతికి తొడుగు ఇచ్చి, తెలివి ఇచ్చి, పక్కన ఇమాంను, డాక్టరును నిలబెట్టి ఆపగలం. ఆ తొడుగు కొనే భాగ్యం ఆపద రాకముందే మనకు దొరికింది.

విధి నిర్వహణలో ప్రాణాలిచ్చిన వైద్యులను, నర్సులను, ఖనన బృందాల యువకులను అల్లాహ్ కరుణించుగాక. రోగులకు స్వస్థత, మనకు జ్ఞానం, ఇచ్చే చేతులకు బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.